జేబులో చక్కెర

సాయంత్రం నాలుగూ పదికి మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, గడప మీద కూర్చుని చెప్పు పట్టీ విప్పుకోసాగింది. నేను మొదటి షిఫ్టు దిగి వచ్చి చాయ్ పెట్టుకుంటున్నాను. గోడ గడియారం ఎదురుగా ఉంది కాబట్టి టైము గుర్తుంది. చాయ్ మరిగాక కూడా ఆమె అదే పట్టీ పట్టుకుని ఉంది.

పొద్దున మా ఇద్దరికీ చిన్న లొల్లి అయింది. అలిగిందనుకున్నాను.

"ఏందమ్మా, చెప్పుతోని కొట్లాడుతున్నవా?"

"నన్ను పలకరియ్యకు బాపూ."

అది మామూలు కోపం కాదని నాకు తెలిసి ఉండాల్సింది. పదకొండో ఏట నుంచి ఆమెకు షుగరు జబ్బు, రోజూ ఇన్సులిన్ సూదులు. షుగరు మరీ పడిపోతే చెమటలు పడతాయని, చేతులు వణుకుతాయని, మాట తడబడుతుందని, కొందరు పిల్లలు ఊరికే కసురుకుంటారని డాక్టరు మొదట్లోనే చెప్పారు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ జబ్బు మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను.

దగ్గరికి వెళ్లి నుదురు ముట్టుకుంటే నా చెయ్యి తడిసింది. వేలు గుచ్చి మిషన్‌లో చూస్తే షుగరు నలభై ఆరు, డెబ్బైకి తగ్గకూడదు. బ్యాగులో ఉండాల్సిన గ్లూకోజు పొడి లేదు. ఎప్పుడో అయిపోయింది. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంట్లో చక్కెర కూడా లేదు. జబ్బు తెలిసిన నెలలోనే నా భార్య డబ్బా ఖాళీ చేసి కడిగేసింది. "బిడ్డ కండ్ల ముందట మనం తియ్యగ తాగుడేంది?" అంది. అప్పటి నుంచి ముగ్గురం చాయ్‌లో చక్కెరకు బదులు అమ్మే తీపి గోళీలే వేసుకునేవాళ్లం. "మొఖం గట్ల వెట్టకు బాపూ, కాకరకాయ తిన్నట్టు," అని అమ్మాయి నవ్వేది. బంధువులు మా గురించి మంచిగా చెప్పుకునేవారు. మాకూ కొంత గర్వంగానే ఉండేది.

ఒకప్పుడు చక్కెర ఉండే చోట చెయ్యి పెడితే గోళీల డబ్బా తగిలింది. నిమ్మకాయ నీళ్లలో ఆరు గోళీలు కలిపాను. ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూశాను కూడా. తియ్యగా ఉంది. గ్లాసంతా తాగించి, డాక్టరు చెప్పినట్టే గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు ఆగాను.

ముప్పై ఎనిమిది.

అప్పుడే పని నుంచి వచ్చిన నా భార్య గ్లాసునీ గోళీల డబ్బానీ చూసింది. "ఏం తాపినవ్?" అని మాత్రం అడిగింది. గోళీల్లో తీపే గానీ చక్కెర లేదని అప్పుడు తట్టింది.

కిషన్‌బాగ్‌లో మా గల్లీ మొదట్లో ఒక చాయ్ హోటలుంది. పరుగెత్తి, అమ్మాయికి షుగరు పడిపోయిందని చెప్పి చక్కెర అడిగాను. గల్లా దగ్గరి పెద్దాయన నా ముఖం చూసి, "డబ్బాచ్ లేజావ్ భాయ్, బచ్చీ కో దేఖో," అని డబ్బానే చేతిలో పెట్టి, ముందు బిడ్డను చూసుకోమన్నాడు.

నేను వచ్చేసరికి అమ్మాయి తల తల్లి భుజం మీద వాలి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఇంకా మింగగలుగుతోంది. చక్కెర నీళ్లు కొద్దికొద్దిగా తాగించాం. ఐదు దాటాక తేరుకుని కాళ్ల వైపు చూసుకుంది.

"నా చెప్పు ఎవరిప్పిండ్రు?"

"నేనే."

"గంతసేపు ఏం జేసినవ్ బాపూ?"



మర్నాటి నుంచి మూడు చెంచాల చక్కెర కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాణ్ణి. ఒకసారి పొట్లంతోనే చొక్కా నానబెడితే నీళ్లన్నీ జిగటయ్యాయి. ఆ తర్వాత నా భార్య ప్రతి చొక్కా జేబూ తడిమి చూసి గానీ బకెట్లో వేసేది కాదు.

రెండేళ్లకు అమ్మాయి నిద్రలో పోయింది. పడుకునే ముందు చూస్తే షుగరు బాగానే ఉంది. మంచం పక్కన చక్కెర గిన్నె ఉంది. పక్క గదిలో మేమున్నాం. నిద్రలో షుగరు పడిపోయి ఉండవచ్చని, కచ్చితంగా చెప్పలేమని డాక్టరు అన్నారు. ఆ సాయంత్రం పోయిన పదిహేను నిమిషాలకూ దీనికీ సంబంధం లేదని కూడా అన్నారు. నేను అడిగాను కాబట్టి అన్నారు.

వంటింట్లో చక్కెర డబ్బా నిండుగా ఉంది. చొక్కాలు నానబెట్టే ముందు జేబులు ఇప్పుడు ఎవరూ చూడరు.