మల్లేశానికీ రవీందర్‌కీ జరగని పోటీ

ఉద్యోగ విరమణకు ఇంకా ఏడాది ఉందనగా నన్ను చిక్కడపల్లి చౌరస్తాకు దగ్గరలో ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి సివిల్ సర్జన్‌గా బదిలీ చేశారు. బర్కత్‌పురలో మా ఇంటికి దగ్గర కాబట్టి సంతోషంగానే చేరాను. ఆసుపత్రి పనితో పాటు, చాలా ఏళ్లుగా చేస్తున్న ఇంకో బాధ్యత కూడా నా వెంట వచ్చింది. నగరంలో బాక్సింగ్ పోటీలు జరిగినప్పుడు రింగ్ డాక్టర్‌గా కూర్చునేదాన్ని.

ఈ పని గురించి చాలామందికి తెలియదు. దెబ్బ తగిలాక దూది అద్దే డాక్టర్ అనుకుంటారు. అసలు పని పోటీకి ముందే ఉంటుంది. బరిలోకి దిగేవాళ్లను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి బీపీ, నాడి, గుండె చూడాలి. చేతివేళ్ల ఎముకలు నొక్కి చూడాలి. కళ్లు మూసుకుని నిలబడితే తూలుతున్నారేమో, కంటి చూపు నాలుగు వైపులా అందుతున్నదో లేదో పరీక్షించాలి. పోటీ నడుస్తుండగా రిఫరీ పిలిస్తే రింగు అంచు మీదికి ఎక్కి దెబ్బ చూసి, ఆడవచ్చో లేదో చెప్పాలి. డాక్టర్ వద్దంటే ఆ మాటకు అప్పీలు లేదు. ఎందుకు వద్దన్నదో ప్రేక్షకులకు చెప్పాల్సిన పని కూడా లేదు.

నారాయణగూడలో ఒక సందులో పాత బాక్సింగ్ హాలు ఉంది. ఆ హాలుకు గొప్పగా చెప్పుకోదగిన ఇద్దరు ఛాంపియన్లున్నారు. ఇక్కడ ఇద్దరి పేర్లూ మార్చి రాస్తున్నాను. వాళ్ల అనుమతి తీసుకునే రాస్తున్నాను. మల్లేశం పెద్దవాడు, అరవై దాటాడు. తల్లిదండ్రులు మహబూబ్‌నగర్ వైపు నుంచి ఇళ్ల కట్టుబడి పనికి వచ్చి దోమలగూడ బస్తీలో స్థిరపడ్డారు. తలకు రక్షణ తొడుగు లేకుండా ఆడే రోజుల్లో ఆయన రాష్ట్ర ఛాంపియన్. రవీందర్ ఆయన తర్వాతి తరం. తలతొడుగులు వచ్చాక, జడ్జిలు కాగితం వదిలేసి బటన్లు నొక్కడం మొదలుపెట్టాక గెలిచినవాడు. నా కథ నాటికి నలభై అయిదు దాటి అదే హాల్లో కోచ్‌గా ఉన్నాడు. ఇల్లు అశోక్‌నగర్.

ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అన్నది చిక్కడపల్లిలో తెగని గొడవ. చౌరస్తాలోని ఇరానీ హోటల్లో ఆ చర్చ లేని సాయంత్రం ఉండేది కాదు. మల్లేశం ఎడమచేతి గుద్దు ముందు రవీందర్ నిలవడని కొందరు, రవీందర్ కాళ్ల వేగాన్ని మల్లేశం అందుకోలేడని కొందరు. ఇద్దరూ వేరువేరు బరువుల్లో ఆడారని, నియమాలే వేరని, మార్కులు వేసే పద్ధతే వేరని ఎవరికీ పట్టదు. జ్వరమని వచ్చిన రోగులు కూడా నోట్లోంచి థర్మామీటర్ తీయగానే నన్నడిగేవారు. “మేడం, మీరైతే డాక్టర్ గదా, నిజం చెప్పుండ్రి, ఎవరు గెలుస్తరు?” నాకు విసుగొచ్చేది. ఇరవై ఏళ్ల వయసు నాటి మల్లేశం దేహం ఇప్పుడు లేదు, రవీందర్‌దీ లేదు. లేని దేహాలకు నేనేం పరీక్ష చేయను?

ఈ గొడవను ఒక్కసారిగా తేల్చేద్దామని హాలు సెక్రటరీ దశరథ్‌కు బుద్ధి పుట్టింది. వార్షికోత్సవం రోజున ఇద్దరినీ రింగులోకి దింపుతానని నా దగ్గరికి వచ్చాడు. నలభై దాటినవాళ్లకు పోటీలు పెట్టకూడదని నియమం ఉందని చెప్పాను.

“పోటీ ఏడిది మేడం, గిది ఎగ్జిబిషన్. జర ప్రేమగ కొట్టుకుంటరు” అన్నాడు.

ప్రేమగా కొట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కాదంటే డాక్టర్ లేకుండానే పెట్టుకుంటారని కూడా తెలుసు. అందుకే షరతులు పెట్టాను. పెద్ద గ్లవ్స్, తలతొడుగు, నిమిషం చొప్పున మూడు రౌండ్లు. ముందుగా నేను పరీక్ష చేయాలి, నా మాటే చివరి మాట. దశరథ్ అన్నిటికీ తలూపి, మర్నాటికల్లా గోడల మీద పోస్టర్లు అంటించాడు. హోటల్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి.

వార్షికోత్సవానికి ముందు రోజు ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. మొదట మల్లేశాన్ని చూశాను. ఆ వయసుకు బీపీ, గుండె అంత బాగుండటం అరుదు. పరీక్ష జరుగుతున్నంతసేపూ రెండో రౌండులో రవీందర్‌ను ఎట్లా పడేస్తాడో చెబుతూనే ఉన్నాడు. గుండె చప్పుడు వినాలి, నోరు మూసుకోండి అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

తర్వాత రవీందర్. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. చివర కంటి చూపు. ఇది చిన్న పరీక్ష. ఒక కన్ను మూసి నా ముక్కు వైపు చూడమంటాను. నా వేళ్లు పక్కల నుంచి కదిలిస్తూ తెస్తాను, కనబడగానే చెప్పాలి. ఎడమ కన్ను మూసినప్పుడు, కుడి కంటికి కింది వైపు నుంచి తెచ్చిన వేలు అతనికి చాలా ఆలస్యంగా కనబడింది. మళ్లీ చేశాను. అతను నెమ్మదిగా తల వంచి ఆ వేలును వెతుక్కోవడం గమనించాను.

“ఎన్ని రోజుల నుంచి?” అన్నాను.

మొదట ఏం లేదన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. పిల్లలకు ప్యాడ్లు పట్టి గుద్దులు నేర్పిస్తుండగా ఎవరిదో గ్లవ్ బొటనవేలు కంటికి తగిలిందట. కొన్నాళ్లు మెరుపులు కనబడ్డాయి. ఇప్పుడు కింద నల్లగా తెర పట్టినట్టుందట. అదే పోతుందిలే అనుకున్నాడు.

వెంటనే మా కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. చుక్కలు వేసి, కంటిపాప విచ్చుకున్నాక చూసి, ఆయన నాతో బయటికి వచ్చి చెప్పారు. కంటి లోపల వెనక గోడకు అంటుకుని ఉండాల్సిన పొర, రెటీనా, ఒక వైపు ఊడి వస్తోంది. సూటిగా చూడటానికి పనికొచ్చే నడిమి భాగం ఇంకా అంటుకునే ఉంది. అది కూడా ఊడితే ఆపరేషన్ చేసినా పూర్తి చూపు రావడం కష్టం. వెంటనే చేయాలి. ఒక్క గుద్దు తగిలినా ఆ కన్ను పోవచ్చు.

రవీందర్‌కు చెబితే నమ్మలేదు. “రేపొక్కటి కానియ్యుండ్రి మేడం. ఎల్లుండి పొద్దున్నే అడ్మిట్ అయిత.”

“రేపు రింగ్ లేదు. ఇవాళే అడ్మిట్ కావాలె” అన్నాను.

తర్వాత అసలు భయం బయటపెట్టాడు. ఆ నెలలోనే హాలు కమిటీ అతని కోచ్ ఉద్యోగాన్ని పొడిగించాల్సి ఉంది. కన్ను చెడిందని తెలిస్తే తీసేస్తారు, పిల్లల తల్లిదండ్రులు వేరే హాలుకు పంపుకుంటారు. “ఎవరికీ చెప్పకుండ్రి. మీ కాళ్లు మొక్కుత” అన్నాడు. కాళ్లు మొక్కాల్సిన అవసరం లేదని, రోగి విషయం బయటికి చెప్పకపోవడం నా ఉద్యోగంలో భాగమని చెప్పాను. ఆ సాయంత్రమే అతని భార్య వచ్చి పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

దశరథ్‌కు ఒకే ఒక్క వాక్యం రాసి పంపాను. ఎగ్జిబిషన్‌కు వైద్యపరంగా అనుమతి లేదు, అంతే. పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“ఎవరికి బాగలేదు మేడం? మల్లేశమన్నకే గదా?”

“చెప్పను.”

“అంటే మల్లేశమన్నకే.”

“నేను అట్ల అనలేదు.”

“సమజైంది మేడం. మీరు చెప్పకుండ్రి” అని వెళ్లిపోయాడు. నేను అననిదాన్ని అతను అంత బాగా అర్థం చేసుకున్నందుకు ఏం చేయాలో తోచలేదు. వార్షికోత్సవంలో మైకు పట్టుకుని, పెద్దవారి ఆరోగ్యం దృష్ట్యా పోటీ రద్దయిందని ప్రకటించాడట. పెద్దవారంటే ఎవరో చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున మల్లేశం లైన్లో నిలబడకుండా నేరుగా నా గదిలోకి వచ్చాడు.

“డాక్టరమ్మా, నాకేం రోగమొచ్చిందో జర చెప్పుండ్రి. హోటల్ల పోరగాండ్లు నవ్వుతున్నరు. భయపడి డాక్టర్‌తోని రాయించుకున్న అంటున్నరు.”

ఇక్కడ నేను ఇరుక్కున్నాను. ఆయన పరీక్ష ఫలితం ఆయనది. అడిగితే చెప్పకుండా ఉండే హక్కు నాకు లేదు. కానీ ఆయనకు ఏం లేదని చెబితే, ఉన్నది ఎవరికో చెప్పినట్టే. రోగులిద్దరి పట్లా ఒకే సమయంలో నియమం పాటించడానికి దారి కనబడలేదు. చివరికి ఆయనది ఆయనకు చెప్పాను.

“మీకు ఏ రోగం లేదు మల్లేశం గారు. మీ పరీక్ష బాగనే ఉంది.”

“మరి ఎందుకాపిండ్రు?”

ఆయన నా ముఖం వంక చూశాడు. కోపం కొంచెం కొంచెంగా తగ్గింది.

“నిన్న ఫంక్షన్‌కు రవీందర్ రాలే. ఫోన్ సుత ఎత్తుతలేడు.”

“నాకు బయట పేషెంట్లున్నరు” అన్నాను.

తలుపు దాకా వెళ్లి ఆగాడు. “పానానికేం కాదు గదా?” అన్నాడు. నేను తరువాతి పేరు పిలవమని నర్సుకు చెప్పాను. “సరే, చెప్పకుండ్రి” అని వెళ్లిపోయాడు.

ఆ రోజంతా నాకు మనసు నిలవలేదు. ఆయన నోరు ఎలాంటిదో పరీక్ష రోజే చూశాను, ఊరంతా చెప్పేస్తాడేమోనని భయం. సాయంత్రం చౌరస్తాలో ఆటో కోసం నిలబడితే హోటల్లోంచి మాటలు వినబడ్డాయి. మల్లేశం బయటి బల్ల దగ్గర ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటున్నాడు. చుట్టూ రవీందర్ పక్షం వాళ్లు.

“ఏందన్న, రింగ్ చూడంగనే బీపీ పెరిగిందా?” అన్నాడొకడు. అందరూ నవ్వారు.

బల్ల తిరగేస్తాడేమో అనుకున్నాను. ఆయన బిస్కెట్టు తినడం పూర్తిచేసి, “వయసయింది బిడ్డా. డాక్టర్ వద్దన్నది. ఏం జేయమంటవ్?” అన్నాడు.

అప్పుడే నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. నాకు ముందు వచ్చింది కోపమే. నేను అలా అనలేదు. నా పేరు మీద అంత పచ్చి అబద్ధం, అదీ నా ముందే. దాన్ని కాదనే వీలు కూడా నాకు లేకుండా చేశాడు. ఆటో ఎక్కాక ఆలోచిస్తే, ఊరంతా చెప్పుకునే ఆ గొప్పతనం తప్ప ఆయనకు దాచుకున్న ఆస్తి ఏదీ లేదని గుర్తొచ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. తర్వాత రవీందర్ కొన్ని రోజులు బోర్లా పడుకునే ఉండాలి. కంటి లోపల నింపిన గ్యాసు పొరను అదిమి పట్టాలంటే తల కిందికే ఉండాలి. చూసివద్దామని వెళితే వార్డు నర్సు నన్ను గుమ్మంలోనే ఆపింది. ఆ పెద్దాయనకు మీరైనా చెప్పండి మేడం, పేషెంటుతో కొట్లాడుతున్నాడు అంది. లోపల మల్లేశం స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. రవీందర్ దిండులో ముఖం పెట్టుకుని మాట్లాడుతున్నాడు.

“అన్నా, నీ ఎడమ చెయ్యి దించుతవ్. ఆ సందుల నేను రెండు ఏస్త.”

“నేను దించేది నిన్ను లోపలికి పిలిచెతందుకురా. వస్తివా, గంతే సంగతి.”

“మాట్లాడితే తల లేస్తది రవీందర్” అని కసిరాను. మల్లేశాన్ని ఇక్కడికి రమ్మని ఎవరు చెప్పారని అడిగాను. “అశోక్‌నగర్ల వాళ్లింటికి పోయిన. తాళమున్నది. పక్కింటామె చెప్పింది. మీరు చెప్పిండ్రని నేనేడ అనలే” అన్నాడు.

హోటల్లో ఏం జరుగుతున్నదో రవీందర్‌కు అప్పటికి తెలియదు. మల్లేశం చెప్పలేదు. తర్వాత దశరథ్ ఫోన్లో మాట్లాడుతూ, మల్లేశమన్నే ఒప్పుకున్నడు, నువ్వే గెలుస్తుంటివని అందరంటున్నరు అని గొప్పగా చెప్పాడట. డిశ్చార్జ్ అయిన వారానికి రవీందర్ నల్ల కళ్లజోడుతో నా గదికి వచ్చాడు.

“నేనే అందరికి చెప్త. మీకేమన్న ఇబ్బందా?”

“అది మీ విషయం. చెప్తే మీరే చెప్పాలె” అన్నాను. “ఉద్యోగం సంగతి?”

“పోతే పోయింది. ఆయన గట్ల కూసొని మాటలు పడుతుంటే నేనెట్ల హాల్ల నిలబడాలె?”

కమిటీ సమావేశానికి నన్ను కూడా పిలిచారు. కోచ్‌గా అతను ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో చెప్పాలన్నారు. రవీందర్ లేచి, పోటీ ఆగింది తన కంటి వల్లనేనని, మల్లేశమన్నకు ఏ జబ్బూ లేదని, తెలిసి కూడా తన కోసం చెడ్డపేరు భరించాడని చెప్పాడు. మల్లేశం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మొదట నోరు తెరిచింది దశరథే. “మరి కన్ను మంచిగుంటే ఎవరు గెలుస్తుండె?”

ఆ క్షణంలో నేనొక వైద్యురాలినని మరిచిపోయి టేబుల్ మీద గట్టిగా చరిచాను. అప్పటికే అవతలి వరసలో ఇద్దరు వాదన మొదలుపెట్టేశారు.

కమిటీ రవీందర్‌ను కొనసాగించింది. నా సలహా మీద ప్యాడ్లు పట్టడం, పిల్లలతో తలపడటం నిషేధించింది. ఆ పని మల్లేశం చేస్తున్నాడు. రవీందర్ పక్కన నిలబడి కాళ్ల కదలిక నేర్పుతాడు. కంటి చూపు చాలావరకు తిరిగొచ్చింది, కింద ఒక మూల మసకగానే మిగిలింది.

రోగి విషయం బయటపెట్టకపోతే చాలు, ఎవరికీ నష్టం ఉండదని అంతవరకూ అనుకునేదాన్ని. ఇద్దరిని పరీక్షించినప్పుడు ఒకరి గురించి మౌనం వహిస్తే, ఆ నింద రెండోవారి మీద పడుతుందని ఆ సంఘటనతో తెలిసింది. ఆ తర్వాత మిగిలిన సర్వీసులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. పరీక్షకు ముందే నిర్వాహకులను, ఇద్దరు ఆటగాళ్లను కలిపి కూర్చోబెట్టేదాన్ని. పోటీ ఆగితే ఇద్దరి పేర్లూ కలిపే ప్రకటించాలని, కారణం ఎవరూ అడగకూడదని, ఊహించి చెప్పకూడదని ముందే మాట తీసుకునేదాన్ని. ఇదేదో పెద్ద సంస్కరణ కాదు. ప్రకటన మైకులో వినిపించగానే అవతలివాడి పరువు పోకుండా చూడటం కూడా రింగ్ డాక్టర్ పనిలో భాగమేనని ఒప్పుకోవడం, అంతే.