పానా పందెం

కరోనా రెండో విడత అణిగిన ఏడాది జూన్‌లో నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా నెల్లూరుకు బదిలీ చేశారు. పదవీ విరమణకు అప్పటికి మూడేళ్ళు మిగిలాయి. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్లంటారు. లైసెన్సు పరీక్షలు పెట్టడం, లారీలకూ బస్సులకూ ఫిట్‌నెస్ ఇవ్వడం, రోడ్డు మీద ఆపి కాగితాలు చూడడం అందరికీ తెలిసిన పనులు. అంతగా తెలియని పని ఇంకొకటుంది. రోడ్డు మీద మనిషి చనిపోతే, ఆ బండిని పరీక్షించమని పోలీసులు మమ్మల్ని రాతపూర్వకంగా కోరతారు. బ్రేకు, స్టీరింగు, టైర్లు, దీపాలు ఒక్కొక్కటే చూసి, ప్రమాదానికి బండిలో లోపం కారణమా కాదా అని ఒక ఫారం మీద తేల్చాలి. "ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరగలేదు" అన్న వాక్యం నా చేత్తో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ వాక్యం రాయలేకపోయిన కేసు ఒకటుంది.

నెల్లూరులో అప్పటికి దూరప్రయాణాల మోటారు సైకిళ్ళవాళ్ళు రెండు జట్లుగా ఉండేవారు. కంపెనీల పేర్లు రాయను, ఈ కథలో తప్పు కంపెనీలది కాదు. మొదటి జట్టుది పాత రకం బండి. ఒకే సిలిండరు, బరువెక్కువ, శబ్దం వీధి చివర్నుంచే తెలుస్తుంది. తక్కువ వేగంలో మనిషినీ సామానునీ ఏనుగులా మోస్తుంది. ఏ పల్లెలోనైనా దాన్ని విప్పగలిగిన మెకానిక్ దొరుకుతాడు. కానీ రెండు గంటలు నడిపితే చేతులు తిమ్మిరెక్కుతాయి. రెండో జట్టుది కొత్త రకం. రెండు సిలిండర్లు, నీళ్ళతో చల్లబడే ఇంజను, రోజంతా నడిపినా అలసట తెలియదు. సముద్రపు గాలి అడ్డంగా కొట్టినా గీత తప్పదు. కానీ చెడిపోతే మాత్రం ఇక్కడ ముట్టుకునేవాడు లేడు, లారీకెక్కించి మద్రాసు పంపాల్సిందే.

రెండో జట్టువాళ్ళు మొదటివాళ్ళ బండిని ట్రాక్టరనేవారు. మొదటివాళ్ళు రెండోవాళ్ళ బండిని కుట్టుమిషననేవారు. ఆదివారం పొద్దున రెండు జట్లూ మైపాడు బీచికి చేరి, టీ తాగుతూ ఇదే వాదన. కాకి పిల్ల కాకికి ముద్దు. నా వయసువాడు నవ్వి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత రకం బండి మీద జిల్లాలన్నీ తిరిగినవాణ్ణి, నా మనసు ట్రాక్టరు వైపే మొగ్గేది. అయినా ఇన్‌స్పెక్టరును కాబట్టి ఇద్దరూ నన్ను మధ్యవర్తిగా చూసేవారు. ఆ పెద్దరికం నాకు బాగా నచ్చింది. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను.

మొదటి జట్టుకు పెద్ద సుధాకర్. ఇందుకూరుపేట మండలంలో వరి పండించే కుటుంబం, అతని హయాంలో సగం పొలం రొయ్యల గుంటలైంది. ముప్పై ఆరేళ్ళు, మాటకారి, చేతిపని తెలిసినవాడు. రెండో జట్టుకు పెద్ద డేవిడ్ రాజు. ముత్తుకూరు దగ్గర కరెంటు ప్లాంటులో ఇంజనీరు. సుధాకర్ కంటే నాలుగేళ్ళు చిన్న, అతన్ని అన్నా అనే పిలిచేవాడు. పోటీ బండ్ల మధ్యే తప్ప వాళ్ళిద్దరి మధ్య పగ ఎన్నడూ లేదు. ఇది ముందే చెప్పడం అవసరం, ఎందుకంటే తరవాత చాలామంది పగ అన్నారు.

ఒక ఆదివారం డేవిడ్ జట్టులో ఎవరో, ట్రాక్టరు వంద కిలోమీటర్లకొక నట్టు రాలుస్తుంది, పానా లేకుండా అది జిల్లా దాటలేదని వేళాకోళం చేశారు. సుధాకర్‌కు అది తగిలింది. కన్యాకుమారి వెళ్ళి వద్దాం, పానా ముట్టకుండా తిరిగొచ్చిన బండే బండి అన్నాడు. పందెం కుదిరింది. జట్టుకొక మనిషి, ఒక బండి: అటు సుధాకర్, ఇటు డేవిడ్. పోవడం రెండు రోజులు, అక్కడ ఒక రోజు, రావడం రెండు రోజులు. దారిలో పెట్రోలు పోసుకోవచ్చు, గాలి కొట్టించుకోవచ్చు. నట్టు మీద పానా పెడితే ఓడినట్టే. ఇద్దరూ ఓ కాగితం మీద రాసి సంతకాలు పెట్టారు. సాక్షిగా నన్నూ సంతకం పెట్టమన్నారు, పెట్టాను.

పానా తగల్లేదని తెలిసేదెట్లా? నట్టు నుంచి దాని పక్కనున్న ఇనుము మీదికి అడ్డంగా గోళ్ళరంగుతో ఒక గీత గీయాలి. నట్టు తిరిగితే గీత విరుగుతుంది. పెద్ద కర్మాగారాల్లో బిగించిన బోల్టును గుర్తుపట్టడానికి వాడే పద్ధతే ఇది. ఫిబ్రవరిలో ఒక బుధవారం తెల్లవారాక, మినీబైపాస్ దగ్గర పెంచలయ్య షెడ్డులో రెండు బండ్లకూ నేనే గీతలు గీశాను. ఇంజను బోల్టులకు, ముందు చక్రానికి, చివరగా వెనక ఇరుసు నట్టుకు.

పెంచలయ్య సుధాకర్ బండి చూసే మెకానిక్. మాట తక్కువ మనిషి. ఆ ఒక్క చోట అడ్డుపడ్డాడు.

"సార్, చైను నిన్ననే కొత్తది ఏసినా. కొత్త చైను సాగతాది. దారిలో ఒకతూరి బిగించుకోవాల. ఆ నట్టుకు మాత్రం రంగు వద్దు."

అతను చెప్పింది నిజమే. వెనక ఇరుసు నట్టు వదులు చేసి, చక్రాన్ని కాస్త వెనక్కి జరిపితేనే చైను బిగుస్తుంది. కొత్త చైనుకు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఆ పని తప్పదు. ఏ శిక్షణా లేని కుర్రాడికైనా తెలుసు, నాకు తెలియదా? కానీ డేవిడ్ బండికి అదే నట్టు మీద అప్పటికే గీత గీసేశాను. ఒకరికి మినహాయిస్తే పక్షపాతమంటారు, అందులోనూ నాది పాత బండి పక్షమని అందరికీ తెలుసు. నియమం ఇద్దరికీ ఒకటే అన్నాను. సుధాకర్ నవ్వుతూ పెంచలయ్య భుజం తట్టి, మన బండికి ఏమీ కాదులే అన్నాడు. గీత గీశాను.

ఆదివారం పొద్దున మైపాడు బీచిలో రెండు జట్లవాళ్ళం ఎదురుచూస్తున్నాం. గీతలు సరిచూసి గెలుపు చెప్పాల్సింది నేనే. తొమ్మిదిన్నరకు నెల్లూరు దాటామని సుధాకర్ ఫోను చేశాడు. పదింబావుకు డేవిడ్ ఫోను వచ్చింది. మేము వెళ్ళేసరికి ఇందుకూరుపేట దాటాక మలుపులో, రొయ్యల గుంటల పక్కనున్న కల్వర్టు గోడ దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. సుధాకర్ హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. ఛాతీ గోడకు తగిలింది. 108 వచ్చేలోపే ప్రాణం పోయింది. బీచి అక్కడికి ఐదు కిలోమీటర్లు.

మర్నాడు పోలీసుల నుంచి వినతిపత్రం నా టేబులు మీదికొచ్చింది. అప్పటికే పెంచలయ్యను స్టేషనులో కూర్చోబెట్టారు. మెకానిక్ కొత్త చైను సరిగా బిగించలేదు, అందుకే ఊడింది అని మొదటి జట్టువాళ్ళు ఫిర్యాదిచ్చారు. నా రిపోర్టు కూడా అదే అంటే నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీశాడని అతని మీద కేసు కడతారు. జైలు మాట అటుంచి, ఆ షెడ్డుకు ఇక ఎవరూ బండి తీసుకురారు.

నేను బయలుదేరే ముందు రెండు జట్లవాళ్ళూ విడివిడిగా వచ్చారు. బండిలో లోపం లేదని రాయండి, మన బండి పేరు పోతుందని మొదటివాళ్ళు. లోపముందని ఉన్నదున్నట్టు రాయండి, నలుగురికీ తెలియాలని రెండోవాళ్ళు. పోయిన మనిషి పేరు రెండు గుంపుల్లోనూ ఒక్కరు కూడా ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండి ఇద్దర్నీ బయటికి పొమ్మన్నాను.

బండిని స్టేషను ఆవరణలో ఒక మూల పెట్టారు. బ్రేకులు బాగున్నాయి. టైర్లు బాగున్నాయి. చైను పళ్ళచక్రం మీంచి జారి, చక్రానికీ చట్రానికీ మధ్య ఇరుక్కుపోయింది. వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది, బండి అడ్డం తిరిగి గోడకు కొట్టింది. చైను లింకులు ఎక్కడా తెగలేదు. పళ్ళు బాగానే ఉన్నాయి. చైను సాగింది, అంతే. పెంచలయ్య బిగించింది బిగించినట్టే ఉంది, ఇరుసు అంగుళంలో పదో వంతు కూడా కదల్లేదు. నట్టు మీద నా ఎర్ర గీత ఎక్కడా విరగలేదు.

నాకు భయం వేసింది. గోటితో గీకితే ఆ గీత అర నిమిషంలో పోతుంది. చుట్టుపక్కల ఒక్క హోంగార్డు తప్ప ఎవరూ లేరు, అతనూ ఫోను చూసుకుంటున్నాడు. పందెం సంగతి పోలీసుల దాకా ఇంకా పోలేదు, గీత పోతే నేను ఈ కథలోనే ఉండను. మెకానిక్ చైను వదులుగా బిగించాడని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది, ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు మచ్చ లేకుండా ముగుస్తుంది. ఆ నట్టు ముందు గొంతుక్కూర్చుని ఎంతసేపున్నానో తెలియదు. ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఫారం నింపకుండానే లేచి వచ్చేశాను.

సాయంత్రం డేవిడ్ రాజు ఆఫీసుకొచ్చాడు. రెండు రోజులుగా అన్నం తిన్నట్టు లేడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నిన్న పొద్దున వస్తా వస్తా దొరవారిసత్రం కాడ టీ తాగతా అడిగినాడు సార్. చైను కొట్టుకుంటా ఉంది తమ్ముడూ, బిగించుకోనా అని. పానా తీస్తే ఓడిపోయినట్టే అన్నా అని చెప్పినా. సరేలే అని నవ్వి ఎక్కినాడు. నా పానాలే ఇచ్చుండొచ్చు సార్. ఇయ్యలా."

ఈ మాట పోలీసుల ముందు చెబుతావా అని అడిగాను. చెబుతానన్నాడు. ప్లాంటులో ఉద్యోగానికి ఇబ్బందేమో ఆలోచించుకోమన్నాను. ఆలోచించే వచ్చానన్నాడు. నాకంటే పాతికేళ్ళు చిన్నవాడు తన వంతు తప్పు తను మోసుకొచ్చి నా టేబులు ముందు పెట్టాక, నా వంతు దాచుకోవడం నాకు చేతకాలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. అందులో పెద్ద పిడికిలి నాది. వాళ్ళిద్దరూ ఆట ఆడారు. నేను దానికి ప్రభుత్వ ఉద్యోగి పెద్దరికం అద్దాను.

ఆ రాత్రే ఉప రవాణా కమిషనరు గారికి లేఖ రాశాను. పందెం, గీతలు, పెంచలయ్య హెచ్చరిక, దాన్ని నేను తోసిపుచ్చడం అన్నీ రాసి, ఈ బండిని నేను పరీక్షించడం న్యాయం కాదు, వేరే ఇన్‌స్పెక్టరును పంపండని కోరాను. ఆయన ఫోను చేసి, ఎవరూ అడగంది ఎందుకు చెబుతున్నావయ్యా, మంచివాడివి, రిటైరు కాబోతున్నావు అన్నారు. నేను లేఖ వెనక్కి తీసుకోనన్నాను. ఇంకో ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించి, చైను బిగింపులో మెకానిక్ తప్పు లేదని, మధ్యలో సరిచేసుకోకపోవడం వల్ల జారిందని రాశారు. డేవిడ్ వాంగ్మూలం ఇచ్చాడు. పెంచలయ్యను వదిలేశారు. నాకు చార్జి మెమో వచ్చింది, విచారణ జరిగింది, సర్వీసు పుస్తకంలో మందలింపు పడింది. తక్కువ శిక్షే.

పెంచలయ్య షెడ్డుకు వెళ్ళి క్షమించమన్నాను. అతను పని ఆపలేదు. "నేను చెప్పినా గదా సార్" అని మాత్రం అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

రిపోర్టు నకలు కోసం రెండు నెలల తరవాత సుధాకర్ భార్య మాధవి ఆఫీసుకొచ్చింది. ఆమెను అంతకు ముందు నేను చూడలేదు. నకలు గుమాస్తా ఇస్తాడు, నా దగ్గరికి రానక్కర్లేదు. అయినా నా పేరు అడిగి లోపలికొచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కూడా కోరుకున్నాను.

"ఆ నట్టు వదులు చేసి చైను బిగించేదానికి ఎంతసేపు పడతాది సార్?" అని అడిగింది.

పది నిమిషాలమ్మా అన్నాను.

"ఆయనకు వచ్చు గదా సార్, ఆ పని?"

వచ్చమ్మా అన్నాను.

నకలును నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆమె అడిగింది ఆ రెండే. విచారణలో నన్ను అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి బయటపడ్డాను గానీ, ఈ రెండిటికీ నేను చెప్పిన జవాబు నుంచి బయటపడలేదు.

ఏ బండి గొప్పదని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు. రెండూ మంచి బండ్లే, రెండిటికీ పానా కావాలి అని చెబుతాను. వాహనాలతో గడిపిన ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే: చెడిపోవడం యంత్రానికి తప్పు కాదు, బాగుచేసుకోవడం మనిషికి ఓటమి కాదు. బాగుచేసుకుంటే ఓడినట్టే అనే కాగితం ఎవరు తెచ్చినా, ఎంత నవ్వుతూ తెచ్చినా, దాని మీద సంతకం పెట్టకూడదు. నేను పెట్టాను.