గురవమ్మ వేసిన జడ

తిరుచానూరు అమ్మవారి గుడి వీధిలో గురవమ్మ ముప్పై ఏళ్లుగా పూలు కట్టి అమ్ముతోంది. ఆమె నోరు చెడ్డదని వీధి వీధంతా అంటుంది. నిజమే. పరువు అనే మాట ఎవరైనా ఎత్తితే ఆ నోటికి హద్దుండదు. మొగుడు పోయాక పూలబుట్టతో రోడ్డున కూర్చుంటే పరువు తీస్తున్నావన్న వాళ్లలో సొంత తమ్ముడు వెంకటముని కూడా ఉన్నాడు. అన్నవాళ్లలో ఒక్కడూ పిడికెడు బియ్యం పెట్టలేదు.

ఆ వెంకటముని పరువు ఎలాంటిదో చెప్పాలి. ఏటా తిరుపతి గంగమ్మ జాతరకు మొక్కుగా అతను స్నేహితుడు హరినాథ్‌తో కలిసి ఆడవేషం కడతాడు. ఎర్రచీర, గాజులు, కాటుక, సవరం. మీసం మాత్రం తియ్యడు. ఆరోజు ముసలమ్మలు కూడా అతని కాళ్లకు మొక్కుతారు. అక్క చేత పూలజడ వేయించుకోనిదే ఆ ఇంట్లో వేషం గడప దాటదు. వాళ్ల నాయన నాటి ఆనవాయితీ అది.

ఈ ఏడు జాతరకు పది రోజుల ముందు అతని కొడుకు మునిశేఖర్‌ను కాలేజీ హాస్టల్లో నలుగురు తలుపేసి కొట్టారు. వాడి మనసు ఒక అబ్బాయి మీద ఉందని ఫోన్ లాక్కుని చదివి తెలుసుకున్నారట. కొట్టినవాళ్లు క్లాసుకు పోతూనే ఉన్నారు. దెబ్బలు తిన్నవాణ్ణి టీసీ తీసుకుని పొమ్మన్నాడు ప్రిన్సిపాల్. చదువు నిలబడాలంటే జాతర రోజు సాయంత్రం లోపల తండ్రి సంతకంతో ఫిర్యాదు ఇవ్వాలట. వెంకటముని పెట్టనన్నాడు. పరువు! కొడుకును గడప కూడా తొక్కనివ్వలేదు. వాడితో చదివే జెస్సీ అనే పిల్ల వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లి, ఫిర్యాదు కూడా తానే రాసి, మేనత్త ఇంట్లో దించింది. ఆ పిల్లకున్న గుండె మీసాలవాళ్లకు లేకపోయిందని గురవమ్మ వీధి వినేట్టు తిట్టిపోసింది.

జాతర రోజు పొద్దున వెంకటముని కుచ్చిళ్లు పైకి దోపుకుని అక్క ఇంటి ముందు స్కూటర్ దిగాడు. చేతిలో సవరం.

"అక్కా, బిన్నా జడ వెయ్యి, పొద్దెక్కతా ఉంది. ఆడ హరినాథ్ వాళ్లు కాసుకోనుండారు."

గురవమ్మ మల్లెమొగ్గల మీంచి తల ఎత్తలేదు.

"మీరు చీర కడితే కాళ్లకు మొక్కతారు. మెత్తగా ఉండే పిల్లోడు కనపడితే తంతారు. ఏం ఊరురా మీది? నేను వెయ్యను పో. లోపల నీ కొడుకుండాడు. పోయినేడు నీ కుచ్చిళ్లు సర్దింది వాడే కదా, వాణ్ణి అడుక్కో."

వేషం ఆగితే అమ్మవారికి కోపమొస్తుంది. కొడుకు చదువు ఆగితే ఎవరికీ రాదు. వెంకటముని లోపలికి పోయాడు.

"రేయ్, ఈ జడ వెయ్యి," అన్నాడు గోడ వైపు చూస్తూ.

మునిశేఖర్ దుప్పటి కిందనుంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. వేళ్ల నుంచి మోచేతి దాకా పిండికట్టు.

"ఏమైందిరా సేతికి?"

"ఇరిగింది నాయనా. పది దినాలైంది."

"ఎవురు కొట్టింది?"

"హరినాథ్ మామ కొడుకు. తలుపు సందులో పెట్టి నొక్కినాడు."

వెంకటముని గాజుల చేతులతో తల పట్టుకుని చతికిలబడ్డాడు. కాటుక బుగ్గల మీదికి కారింది. గురవమ్మకు జాలి వేయలేదు. కన్నకొడుకు విరిగిన చెయ్యి కనపడటానికి ఈ మనిషికి పది రోజులూ, ఒక జడా కావలసి వచ్చాయి. ఫిర్యాదు కాగితం తెచ్చి అతని ఒళ్లో పడేసింది.

"ఏడిసేది తర్వాత. సంతకం పెట్టు. ఇట్నే కాలేజీకి పోతాము."

"ఈ చీరలోనా అక్కా?"

"దినమంతా ఊరు తిరిగేదానికి లేని సిగ్గు ఇప్పుడెందుకురా?"

వెంకటముని సంతకం పెట్టాడు. గురవమ్మ అతని వెనక కూర్చుని, నొప్పి పుట్టేట్టు బిగించి జడ వేసింది, మూరెడు మల్లెలు తురిమింది. కొడుకు కోసం వచ్చిన తండ్రినైతే ఆ ప్రిన్సిపాల్ గుమ్మంలోనే నిలబెడతాడు. గంగమ్మ వేషంలో వచ్చినవాణ్ణి నిలబెట్టే ధైర్యం వాడికి లేదని ఆమెకు బాగా తెలుసు.