నాలుక కింది పొర

నా చిన్నప్పుడు నాకు ర, ల పలికేవి కావు. మాది కురవి. ఏ ఊరని ఎవరైనా అడిగితే ‘కుయవి’ అనేదాన్ని. బడిలో పిల్లలు దాన్నే నాకు పేరుగా పెట్టారు. పాఠం చదవమంటే నోరు విప్పేదాన్ని కాదు. సారు అది మొండితనమనుకుని గోడ దగ్గర నిలబెట్టేవారు. మూడో తరగతి సగంలో మా నాయిన విసిగిపోయి, చదువు రాని పిల్లకు బడి ఎందుకు, రేపటి నుంచి మేకల వెంట పోతుందని తేల్చేశాడు.

మా పక్కింటి అవ్వ ఊళ్లో కాన్పులు చేసేది. ఆ సాయంత్రం ఆమె వాకిట్లో ఆడుకుంటున్న మమ్మల్నందరినీ వరుసగా కూర్చోబెట్టి, పై పెదవుల మీద బెల్లం పాకం రాసింది. చేయి పెట్టకుండా నాలుకతో నాకెయ్యాలంది. అందరూ ఇట్టే నాకేశారు. నా నాలుక కింది పళ్లు కూడా దాటలేదు. ఓడిపోయానని ఏడుపొచ్చింది.

అవ్వ నవ్వలేదు. నన్ను దగ్గరికి లాక్కుని, నోరు తెరిపించి, వేలితో నాలుకను ఎత్తి చాలాసేపు చూసింది. తర్వాత అద్దం తెచ్చి నాకూ చూపించింది. నాలుక కొసను కిందికి లాగి పట్టుకున్న పొర ఒకటి కనిపించింది.

“ర అనాలంటే నాలుక పైకి లేవాలె బిడ్డా. గీ పొర లేవనిస్తలేదు. నీ తెల్వికేం తక్కువ లేదు.”

నాయిన పొలం నుంచి రాగానే ఆమె మా ఇంటికొచ్చింది. ఆయన్ని తిడుతుందనుకున్నాను.

“నీ బిడ్డ కాన్పు చేసింది నేనే కొడుకా. గప్పుడు నోట్ల వేలు పెట్టి చూడలే. తప్పు నాది. ఇప్పుడు పొర మందమైంది, నాతోని కాదు. దవాఖానకు తీస్కపో.”

ఊరంతా గౌరవించే మనిషి అంత నిబ్బరంగా ఆ మాట అనేసరికి నాయిన నన్ను దగ్గరికి పిలిచాడు. నాలుక ఎత్తమని తనూ చూశాడు. మేకల మాట మళ్లీ ఎత్తలేదు.

మానుకోట దవాఖానలో డాక్టరు తిమ్మిరి సూది వేసి పొర కోశారు. నాలుగు రోజులు గంజి తాగాను. పుండు మానాక అవ్వ రోజూ నా చేత పెదవుల చుట్టూ నాలుక తిప్పించేది, అంగిలికి ఆనించి టక్కుమనిపించేది. ల ముందు వచ్చింది. ర రావడానికి వానకాలం దాకా పట్టింది. ఒకరోజు మానుకోట నుంచి వస్తుంటే కండక్టరు ఎక్కడికని అడిగాడు. నాయిన కంటే ముందే నేను “కురవి” అన్నాను. ఆయన మళ్లీ అడగకుండా టికెట్లు చింపిచ్చి ముందుకు వెళ్లిపోయాడు. నాయిన కిటికీ వైపు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

పెద్దయ్యాక అంగన్‌వాడీలో చాలా ఏళ్లు పిల్లల్ని చూసుకున్నాను. పిల్లలు మాట్లాడకపోయినా తినకపోయినా ముందు నోరు తెరిపించి చూడటం నాకు అలవాటు. ఒక్కసారి మాత్రం మరిచిపోయి, అన్నం ముట్టని ఒక పిల్లను రెండు రోజులు కసిరాను. మూడో రోజు చూస్తే వెనక దవడ పన్ను పుచ్చి చిగురు వాచి ఉంది. చూడకుండా కసిరానని ఆ తల్లికి నేనే చెప్పాను. చెప్పి, పిల్లను ఎత్తుకుని ఆమెతో పాటు దవాఖానకు నడిచాను.