చెప్పింది చెప్పినట్టు

గనిలో నీళ్ల పంపు నడిపే యిర్మియా, దొరలతో మాట్లాడాలన్న ఆశతో, ఆదివారం ప్రార్థన ముగిశాక ఇంగ్లీషు నేర్చుకునేవాడు. సుగుణమణి టీచరు చెప్పిన వాక్యాన్ని, అర్థం తెలియకపోయినా, చేతులు కట్టుకుని గట్టిగా తిరిగి పలకడమే ఆ చదువు. పంపు దగ్గర ఏనాడూ కునుకు తీయని అతడిపై, డ్యూటీలో నిద్రపోయాడన్న అభియోగం వచ్చింది. విచారణలో అధికారి ఇంగ్లీషులో, "పంపు దగ్గర నిద్రపోయిన మాట నిజం" అని చదివాడు. యిర్మియా చేతులు కట్టుకుని, ఒక్క అక్షరం పోకుండా, దాన్నే అప్పజెప్పాడు. నేరం ఒప్పుకున్నాడని రాసి, నౌకరి తీసేశారు.

"నిద్రపోలేదని తెలుగుల మొత్తుకోరాదే అన్నా?" బయట తోటి కార్మికుడు మొగిలి తల కొట్టుకున్నాడు. "దొర చెప్పిందే మల్ల చెప్తివి గదనే!"

కట్టుకున్న చేతులు యిర్మియా ఇంకా విప్పలేదు. "టీచరమ్మ గట్లనే నేర్పింది గదరా," అన్నాడు. "యాడ తప్పు పలికిన? చెప్పు, మల్ల పలుకుత."