నలభై మంది లెక్క

రెబెకమ్మకు చదువు రాదు. ఉదయగిరి కొండ అవతల, సీతారామపురం మండలంలో నేను పదకొండేళ్లు ఒంటరిగా పాఠాలు చెప్పిన బడికి మాత్రం ఆమె చేసినంత ఎవరూ చేయలేదు. నేనూ చేయలేదు.

ఒకటే గది, అయిదు తరగతులు. రెండో టీచరు కోసం అర్జీలు రాసి రాసి విసిగిపోయాను. తొంభై నాలుగులో ఒక అధికారి వచ్చి, "డిసెంబరులో మళ్లీ వస్తాను. ఆ రోజు నలభై మంది పిల్లలు కనబడితే పోస్టుకు రాస్తాను" అన్నాడు.

డిసెంబరంటే సంగం కాలవ కింద వరినాట్లు. అప్పటికి మా మెట్ట పల్లెలో గింజలు నిండుకుంటాయి. ఆడవాళ్లు జట్టుగా లారీ ఎక్కుతారు. గట్టు మీద చంటివాళ్లను ఆడించడానికి బడి పిల్లలూ వెంట పోతారు. సరిగ్గా ఆ నెలలోనే లెక్కపెడతాననడం ఏం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

ఈ సంగతి రెబెకమ్మకు చెప్పాను. భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు. జట్టులో చేతివేగం ఆమెదే. విని, జట్టు ఆడవాళ్ల దగ్గరికి పోయింది. సాయంత్రం మళ్లీ వచ్చింది.

"నేను పోను అయ్యవారా. పాలు మానిన బిడ్డల్ని, బడి పిల్లోళ్లని నాకాడ వదిలి పొమ్మన్నాను. తిరిగొచ్చినాక తలా కాసిని వడ్లు ఇస్తామన్నారు."

నెల రోజులు, తల్లులు వదిలిపోయిన రాగిపిండితో అందరికీ సంకటి కెలికింది. పొద్దున్నే ముఖాలు కడిగించి బడికి తోలేది. అధికారి వచ్చాడు, నలభై ఒక్క మందిని నిలబెట్టి లెక్కపెట్టాడు, రాసుకుపోయాడు. జట్టు తిరిగొచ్చాక సగం మందే వడ్లు ఇచ్చారు. మిగతావాళ్లనీ తప్పుపట్టలేం, వాళ్లకే చాలలేదు. ఆ వేసవిలో రెబెకమ్మ ఒంటిపూట తింది.

జూన్‌లో ఆత్మకూరు బస్టాండులో తోటి టీచరొకడు చెప్పాడు. మా పోస్టు కాలవ కింద ఒక బడికి పోయింది, అక్కడ అప్పటికే నలుగురున్నారు. మాకు రెండో గది లేదు కాబట్టి టీచరు అనవసరమట. గది అడిగితే, ఒక్క టీచరుకు రెండు గదులెందుకన్నారు. నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆ మంట కూడా మిగల్లేదు. రెబెకమ్మతో "పోస్టు రాలేదు" అని మాత్రం అన్నాను.

మళ్లీ డిసెంబరు. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఈ తూరి నేనూ పోతుండాను అయ్యవారా. ఏడాది పొడుగునా అక్కడే పని ఉండాదంట. మేం నాటే ఊళ్లో మంచి బడి ఉండాది, మొన్న ఇంకో అయ్యవారు వచ్చినాడంట, అయిదుగురు అయినారు. కాయితం ఇస్తే మా పిల్లోళ్లని చేర్చుకుంటారంట."

ఆ అయిదో అయ్యవారు ఎవరి పోస్టులో వచ్చాడో చెప్పడానికి నాకు నోరు రాలేదు. మూడు టీసీలు రాశాను. ఆమె వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుంది.

"ఏమీ అనుకోబాకండి అయ్యవారా," అంది. "మీకు లెక్క నలభైకి తక్కువ పడతాది."