మగ్గానికి చోటు

మా కోడలు మగ్గం తెచ్చిన నాడు ఇంట్లో దానికి చోటు లేదని అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. తెలిసే తెచ్చింది. మగ్గమంటే చీరలు నేసేది కాదు. పెండ్లి జాకెట్ల మీద జరీ, పూసలు, అద్దాలు కుట్టడానికి బట్టను నాలుగు వైపులా లాగి బిగించే కర్ర చట్రం. ఒక మనిషి కాళ్లు చాపి పడుకునేంత పొడుగు ఉంటుంది. నా కొడుకు దాన్ని తన ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి వాకిట్లో దించితే, కొత్త మంచం కొన్నారా అని వాడకట్టు వాళ్లు అడిగారు. మంచమైనా నయమే, ఎక్కి పడుకోవచ్చు అన్నాను.

మాది బెల్లంపల్లి. మా ఇంటాయన బొగ్గు గనిలో పని చేసేవాడు. గనిని మేము బాయి అంటాము. ఆయనకు నౌకరీ ఉన్నన్నాళ్లు క్వార్టర్‌లో ఉన్నాము. ఆ తర్వాత కిరాయి ఇండ్లే. ఇప్పుడున్నది రెండు గదుల ఇల్లు, వెనక రేకుల వంటిల్లు. వెనక గదిలో కొడుకు, కోడలు. ముందు గదిలో నేను. ఇంటికంతటికీ కిటికీ అని చెప్పుకోదగ్గది ఒకటే. అది ముందు గదిలో ఉంది. దాని కింద నా నవారు మంచం ఉంది.

మా కోడలు మంచిర్యాలలో ఒక దుకాణంలో ఈ పని నేర్చుకుని అక్కడే కుట్టేది. పొద్దున బస్సెక్కితే దీపాలు పెట్టిన తర్వాతే రావడం. దినమంతా కూర్చుని చేసిన పనికి వీపు పట్టేసేది, బస్సులో నిలబడి వచ్చినందుకు కాళ్లు వాచేవి. వచ్చాక వంట. నేను వండి పెడతానంటే వినదు, వినకపోవడం ఆమె గుణం. చివరికి ఆ దుకాణమాయన పాత మగ్గమొకటి ఇచ్చి, ఇంట్లోనే ఒక పెండ్లి జాకెట్టు కుట్టి తెమ్మన్నాడట. అది మంచిగా వస్తే ఇక పని ఇంటికే ఇస్తాడు. రాకుంటే మగ్గం వాపసు, మళ్లీ బస్సే. ఎర్ర పట్టు జాకెట్టు అది. మడత విప్పి చూపిస్తే నేను కొంగుతో చేతులు తుడుచుకుని గానీ ముట్టలేదు.

ఈ పనికి పగటి వెలుతురు కావాలని ఆమె అన్నది. నేను విన్నాను. విని, నీ గదిలో పెట్టుకో అన్నాను.

ఆదివారం నాడు సర్దుడు మొదలైంది. వెనక గదిలో వాళ్ల మంచం, బీరువా, బియ్యం డ్రమ్ము, కుట్టుమిషను ఉన్నాయి. మంచాన్ని గోడకు జరిపితే తల ఉత్తరం వైపు వస్తుంది, అట్లా పడుకోకూడదు. అడ్డంగా వేస్తే వంటింటి తలుపు తెరుచుకోదు. బియ్యం డ్రమ్మును ముందు గదిలోకి తెస్తే, వచ్చినవాళ్లంతా దాని మీదే కూర్చుంటారు. బియ్యం మీద కూర్చోనిస్తామా? డ్రమ్ము వెనక్కే పోయింది. చివరికి బీరువాను దక్షిణం గోడ దగ్గరి నుంచి తీసి ఉత్తరం గోడ దగ్గరికి జరిపారు. చోటు వచ్చింది. కానీ బీరువా తలుపు ఉత్తరం వైపే తెరుచుకోవాలి, అది కుబేరుడి దిక్కు. నేను అక్కడ నిలబడి, దాన్ని తిప్పనియ్యనంటే తిప్పనియ్యనన్నాను. దాంతో బీరువా ముఖం గోడకు, వీపు మాకు అయింది. మధ్యలో మూరెడు సందు.

కొడుకు అందులో చెయ్యి పెట్టి చూసి నా దిక్కు తిరిగాడు.

"అవ్వా, గీ బీరువల అంగి తియ్యాలంటే బల్లి లెక్క గోడకు పాకాలె."

"పాకు. రోజుకో అంగి మార్చుడు బందైతది. సబ్బన్న మిగుల్తది."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సందులోకి దూరి చీర తీసుకురావడానికి ఆమె పడిన పాట్లు చూసి నాకూ నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. నేను నవ్వితే బీరువా మళ్లీ దక్షిణానికి పోతుంది.

అయినా మగ్గం పట్టలేదు. పడుకోబెడితే తలుపుకు తగిలింది. దాన్ని గోడకు నిలబెట్టి, ఆ మూలనున్న సామానంతా సంచుల్లో వేసి పైన వేలాడదీద్దామని కొడుకు సుత్తె తీశాడు. ఒక్క దెబ్బ పడిందో లేదో పక్క వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ వచ్చింది. తురకలామె. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. పండుగకు ముందు గోడలకు రంగు వేయించుకుంది. మేకు దిగితే పెచ్చు లేస్తుందని ఆమె బాధ. మేమేమీ కొట్టడం లేదు, గోడ గట్టిగా ఉందో లేదో చూస్తున్నామని చెప్పాను. ఆమె నమ్మలేదు. వెళ్లనూ లేదు. గడప మీద కూర్చుని తమాషా చూసింది. మధ్య మధ్యలో అటు జరపండి, ఇటు తిప్పండి అని హుకుములు కూడా ఇచ్చింది. అన్నీ అయ్యాక అన్నది కదా,

"అక్కా, ఇల్లంత గిర్రున తిప్పిన్రు గని, గా కిటికి కాడి మంచం ఒక్కటి జరుపలేదేంది?"

కోడలు నేల మీద లేని చెత్త ఏరడం మొదలుపెట్టింది. కొడుకు సుత్తెను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ మంచం మీద కూర్చుంటే నల్లా నీళ్లు ఎప్పుడు వచ్చేదీ, కూరగాయల బండి ఎక్కడిదాకా వచ్చిందీ, గేటు గొళ్లెం ఎవరు వేయకుండా పోయిందీ అన్నీ కనిపిస్తాయి. ఇంటికి కావలి అది. ముసలిదాన్ని, గాలి లేకుంటే నిద్ర పట్టదని మాత్రం పైకి అన్నాను.

"నేనేమన్న అన్ననా అత్తమ్మా," అన్నది కోడలు. నిజమే, ఆమె ఒక్కమాట అనలేదు. అని ఉంటే జవాబు చెప్పేదాన్ని.

ఆ సాయంత్రం వెనక గదిలోనే మంచం ఎత్తి నిలబెట్టి, మగ్గం పరిచి, ట్యూబులైటు వేసుకుని కుట్టుకుంది. జాకెట్టు చేతి మీద ఒక పువ్వు అయింది. బాగుంది కూడా. పొద్దున వాకిట్లోకి తెచ్చి చూస్తే ఆ పువ్వుకు సగం రెక్కలు మిరపపండు ఎరుపు, సగం రేగుపండు ఎరుపు. లైటు కింద రెండు రకాల పూసలూ ఒకటిగానే కనిపించాయట. ఆమె గడప మీద కూర్చుని ఒక్కొక్క పూసే విప్పింది. పట్టు మీద సూది గుర్తులు మిగిలాయి. వాటి మీదే మళ్లీ పువ్వు కుడితే కప్పుకుపోతాయని తనకు తానే చెప్పుకుంది. ఆ తర్వాత నాతో అన్నది:

"మగ్గం వాపసు తీస్కపొమ్మంట అత్తమ్మా. నాకు బస్సు అలవాటే కద."

నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చిన వస్తువును తిప్పి పంపడం నా చేత కాదు. పగిలిన చెంబునే పంపను. పైగా బస్సు అలవాటే అన్నప్పుడు ఆమె కాళ్ల వైపు చూశాను. బస్సు వాపు ఇంకా దిగలేదు.

నా కాపురం కొత్తలో మా క్వార్టర్‌లో ఒకటే మంచం ఉండేది. మా ఆయన, ఆయన తమ్ముడు, మంథని దిక్కు నుంచి బాయిలో పనికి వచ్చిన చుట్టం ఒకడు, ముగ్గురివీ మూడు షిఫ్టులు. ఒకడు లేచి పోతే ఒకడు వచ్చి పడుకునేవాడు. నేను బొంత దులిపి తిరగేసి పరిచేదాన్ని. మంచం చల్లారేది కాదు. మాకెవ్వరికీ చోటు చాలలేదని తోచలేదు. మా ఇంట్లో చోటును గోడలతో కాదు, షిఫ్టులతో పంచుకునేవాళ్లం.

నేను లేచి నా పరుపు చుట్టాను.

కోడలు భయపడింది. మంచం రోజూ బయటికి మోస్తే నడుము పోతుందని, తనకు వద్దే వద్దని అన్నది. మంచాన్ని ఎవరు మోయమన్నారు? వాకిట్లో ఉన్న నాలుగు ఇటుకలు కడిగి తెమ్మన్నాను. మంచం నాలుగు మూలలా పట్టె మీద ఒక్కో ఇటుక పెట్టి, వాటి మీద మగ్గం పెట్టించాను. ఈ పనిలో ఒక చెయ్యి బట్ట మీద సూదితో, ఒక చెయ్యి బట్ట కింద దారంతో ఉంటుంది. ఇటుకల ఎత్తుకు కింది చెయ్యి హాయిగా ఆడింది. కిటికీలోంచి ఎండ తిన్నగా ఎర్ర పట్టు మీద పడింది. ఆమె పీట వేసుకుని కూర్చుంది. కూర్చుంటే మోకాళ్లు మంచం కిందికి పోవాలి. పోలేదు. మంచం కింద నా సంసారం ఉంది.

దాన్ని తీయడం బీరువా జరిపినంత పని. చింతపండు కుండ, ఉల్లిగడ్డల గంప, డబ్బాలు, వాటి మూతలు, మూతల్లేని డబ్బాలు, బొంతకు దాచిన పాత చీరల మూట. నా కొడుకు పండుగ వచ్చినట్టు సంబరపడి ఒక్కొక్కటే పైకెత్తి చూపించాడు.

"అవ్వా, గీ ఛత్రికి గుడ్డనే లేదు, పుల్లలే ఉన్నయ్."

"పుల్లలు ఖరాబైనయా?"

కాలేదని ఒప్పుకున్నాడు. ఛత్రి తలుపు వెనక్కి పోయింది. చింతపండూ ఉల్లిగడ్డలూ ఎక్కడ పెట్టాలో తోచలేదు. చప్పుడు విని వచ్చిన ఓనరమ్మ తన అటుక ఖాళీగా ఉందని, అక్కడ పెట్టుకొమ్మని అన్నది. చింతపండులోంచి ముద్దెడు తీసుకున్నా నాకు తెలుస్తుందా అని కూడా అడిగింది. తెలుస్తుందన్నాను. తీసుకొమ్మని కూడా అన్నాను. కుండ మాత్రం పాతది, దించేటప్పుడు రెండు చేతులతో దించాలి.

అప్పటి నుంచి పగలు మగ్గానిది, రాత్రి నాది. దీపం పెట్టగానే కోడలు మగ్గాన్ని గోడకు నిలబెట్టి దుప్పటి కప్పేది. బట్ట వదులైతే నేనే బిగించేదాన్ని. నవారు మంచం కాళ్ల దగ్గర తాడు లాగి బిగించినట్టే అది, కాకపోతే చెయ్యి కొంచెం మెత్తగా ఉండాలి. మొదటిసారి నేను లాగుతుంటే ఆమె కండ్లు మూసుకుంది. వేలితో కొడితే టప్‌మని మోగేదాకా లాగాను. నవారు సందుల్లో పూసలు దూరి రాత్రిళ్లు వీపుకు గుచ్చుకునేవి. పొద్దున వెతికి ఒక్కటి కూడా పోకుండా డబ్బాలో వేసేదాన్ని. గడప మీద కూర్చుంటే నల్లా కనిపించదు గానీ వినిపిస్తుంది, అది చాలు.

జాకెట్టు అయింది. కోడలు దాన్ని తెల్ల గుడ్డలో చుట్టుకుని మంచిర్యాల పోయింది. ఆ దినం ఇల్లు బోసిగా, మంచం ఖాళీగా ఉంది. పనేమీ తోచక పట్టపగలే పడుకున్నాను. ఆమె ఎప్పటిలా చీకటి పడ్డాక కాదు, మధ్యాహ్నానికే వచ్చింది. దుకాణమాయన జాకెట్టును ఎండలోకి తీసుకుపోయి, తిరగేసి లోపలి కుట్టు కూడా చూశాడట. చూసి పసుపుపచ్చ పట్టు జాకెట్టొకటి, చిలకాకుపచ్చది ఒకటి ఆమె చేతిలో పెట్టాడట. వారానికోసారి వచ్చి కుట్టినవి ఇచ్చి, కొత్తవి తీసుకుపొమ్మన్నాడట. ఇదంతా గుమ్మంలో నిలబడే చెప్పింది. చెప్పులు విప్పలేదు, సంచి దించలేదు. కిటికీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"అత్తమ్మా, జర లేస్తవా? ఎండ ఇంకున్నది."

అన్నం తిన్నావా అని అడిగాను. తర్వాత తింటానన్నది. ముందు తిని రమ్మని వంటింట్లోకి తోలి, నేను లేచి పరుపు చుట్టాను.